ఇప్పనూనె కుళాయి

మా అయ్య పోయాక, పదకొండో రోజు కార్యక్రమం కూడా అయ్యాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచాను. ఏక్‌బాల్‌పూర్ గది ఖాళీ చేసి భవానీపూర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన తనతో పట్టుబట్టి తెచ్చుకున్న సామాను అదొక్కటే. తుప్పు పట్టిన రెంచీలు, అరిగిన స్క్రూడ్రైవరు, రాగి తీగ చుట్టలు, అన్నిటి అడుగున పాత నేతచీర ముక్కలో చుట్టి ఒక ఇత్తడి కుళాయి. దానికి మూడు మూతులు, ఒక పిడి. ఒక మూతికి దారం కట్టి ఉంది. ఒకప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు మసిపట్టి ఏ రంగో చెప్పలేం. దాన్ని చూడగానే చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. యాభై అయిదు దాటినదాన్ని, ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి వాళ్లని హడలగొట్టినదాన్ని, ఇంత కుళాయిని చూసి భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వండి. మెట్రో రైలు సొరంగంలో ఉన్నట్టుండి ఆగి, మోటారు మోత అణిగిపోతే పక్కవాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, నేను మాత్రం పైనున్న కడ్డీ పట్టుకుని లోలోపల అంకెలు లెక్కపెడుతూ ఉంటాను. అలా ఎందుకు లెక్కపెడతానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది శ్రీకాకుళం అవతల, సీతంపేట కొండల కింద ఊరు. బతకడానికి బెంగాల్ వచ్చాక మేమున్న ఏక్‌బాల్‌పూర్ వీధిలో సగం మంది అటువాళ్లే, రేవులో బస్తాలు మోసేవాళ్లు, క్రేన్ల దగ్గర పనిచేసేవాళ్లు. మా అయ్య ఒక్కడే నీటి మీద పని. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు నుంచి నార బేళ్లు, అటూ ఇటూ దాటే కూలీలు, వీళ్లని తిప్పే ఒక ప్రైవేటు లాంచీలో ఇంజిన్ మిస్త్రీ. ఆయన ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. గుమ్మం దగ్గర కూర్చుని రంపపుపొట్టుతో చేతులు రుద్దుకుని, తర్వాత సబ్బుతో, తర్వాత నిమ్మచెక్కతో కడుక్కునేవాడు. అన్నం కలిపేటప్పుడు చేతిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, పర్వాలేదనుకుంటేనే నాకు ముద్ద పెట్టేవాడు. ఆ ముద్దలో డీజిల్ వాసన ఎప్పుడూ కొంచెం ఉండేది. అది అన్నం వాసనే అనుకునేదాన్ని చాలా కాలం.

ఆ రోజుల్లో దేనికైనా లైను. కిరసనాయిలుకు లైను, పాలకు లైను, కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరూ అడిగేవారు కాదు. ఒక ఏడు డీజిల్ కూడా దొరకడం మానేసింది. లాంచీ వారంలో మూడు రోజులు జెట్టీకి కట్టేసి ఉండేది. లాంచీ నడవని రోజున అయ్య ఇంట్లో ఉండేవాడు, అది నాకు సంతోషంగా ఉండాలి, కాని ఉండేది కాదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, చేతులు శుభ్రంగా ఉండి, ఏం చెయ్యాలో తెలియక గోళ్లు చూసుకుంటూ ఉంటే మా అమ్మ పైడమ్మ గొంతు తగ్గించి మాట్లాడేది. పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తే పిల్లలకు భయం. మాలిక్, అంటే లాంచీ యజమాని, దాన్ని అమ్మేస్తాడని వీధిలో అనుకునేవారు.

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి లేచి, "ఓలె, మన సీతంపేట సంతలో సవరోలు ఇప్పనూనె అమ్ముతారు సూడు, దాంతో మా కామందు నీల్ల ఇంజిను ఒక ఏడు నడిసినాది," అన్నాడు. కామందు దగ్గర ఆయన చిన్నప్పుడు పాలేరు. అప్పుడూ డీజిల్ దొరక్కే ఇంజిన్‌లో ఇప్పనూనె పోశారట, చేలకు నీరు పారిందట. ఆ మర్నాడే ఖిదిర్‌పూర్‌లో సబ్బులు వండేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లకి పురూలియా నుంచి ఇప్పనూనె వస్తుంది, బెంగాలీలు మొహువా తేల్ అంటారు. ఒక డ్రమ్ము రిక్షాబండి మీద పెట్టుకుని తెచ్చి, మా ఒంటిగదిలో, మంచం తల దగ్గర దించాడు.

మా అమ్మ పొయ్యిని ఎత్తి గుమ్మం బయట పెట్టింది. అది ఉన్నన్నాళ్లూ మేము వాకిట్లోనే వండుకున్నాం. డ్రమ్ము అంటుకుంటుందేమోనని ఆమెకు భయం. నేను దాని పక్కన పడుకునేదాన్ని, నాకు ఇంకా భయం. పొద్దున్నే లేచి చూస్తే నూనె నెయ్యిలాగా పేరుకుని తెల్లగా ఉండేది. అయ్య దాన్ని ఎండలో పెట్టి కరిగించి, అమ్మ నేతచీర చింపి నాలుగు మడతలు వేసి వడకట్టేవాడు.

"ఉన్న చీరలు మూడు. ఒకటి నీ ఇంజిను కట్టుకున్నాది. ఇంకేటి కట్టుకోమంటావు నన్ను?" అనేది అమ్మ.

"ఇంజిను నడిస్తే చీరలేటి, పట్టు కోక కూడా కొంతాను."

"నడవకపోతే?"

ఆయన ఆ చీర ముక్కను ఇంకో మడత వేశాడు.

నడిచింది. నడిపించిన పద్ధతి మాత్రం ఆయన సొంతం. ఇప్పనూనె చల్లగా ఉంటే పేరుకుపోతుంది గనక దానితో ఇంజిన్ మొదలవదు. ముందు డీజిల్‌తో స్టార్ట్ చెయ్యాలి. పొగగొట్టం చుట్టూ రాగి గొట్టం చుట్టి, అందులోంచి నూనె వెళ్లేలా చేశాడు. గొట్టం వేడెక్కి నూనె నీళ్లలా పలచబడ్డాక ఈ కుళాయి పిడి తిప్పితే డీజిల్ ఆగి నూనె అందుకుంటుంది. గుక్కెడు డీజిల్‌తో రోజంతా నడుస్తుంది. పొగ గారెలు వేయించిన వాసన వచ్చేది. ఒడ్డున కూలీలు "మిస్తిరీ, రాన్నా హొయేఛే?" అని అడిగేవారు, వంటయ్యిందా అని. అయితే ఇంజిన్ ఆపే ముందు మళ్లీ పిడిని ఎర్రదారం వైపుకి, అంటే డీజిల్ వైపుకి తిప్పి, ఇంజిన్ గది గోడ మీది గొట్టంలోను వడపోత గిన్నెలోను మిగిలిన నూనె పూర్తిగా కాలిపోయేదాకా నడవనివ్వాలి. లేకపోతే నూనె ఆ గొట్టంలోనే గడ్డకడుతుంది, ఇక ఇంజిన్ లేవదు. ఎంతసేపు నడవనివ్వాలో ఆయన గడియారంతో కాదు, అంకెలతో చూసేవాడు. మూడు నూర్లు. ఒక నూరు అయితే ఒక వేలు ముడవడం. ఆదివారాలు నేను ఇంజిన్ గదిలో ఆయన పక్కన కూర్చుని ఆయనతోపాటు లెక్కపెట్టేదాన్ని. ఆ గదిలో నిలబడితే మోత గుండెల్లో కొట్టేది. నాకు ఆ ఇంజిన్ అంటే భయం, కాని ఆయన పక్కన కూర్చుంటే ఆ భయం కూడా బాగుండేది. ఆ ఎర్రదారం నా జడ రిబ్బను అంచు నుంచి తీసిందే.

కార్తీకం వెళ్లి, పోలిపాడ్యమి వచ్చింది. మా ఆడవాళ్లు తెల్లవారుజామున అరటిడొప్పల్లో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు, పోలి స్వర్గానికి వెళ్లిన కథ చెప్పుకుంటారు. ఏటా ఘాట్ దగ్గరే వదిలేవాళ్లం. అక్కడ బురద, పడవల రద్దీ, వదిలిన దీపం రెండు బారలు పోకుండా చెత్తలో చిక్కుకుని ఆరిపోయేది. దీపం ముందుకు పోకుండా ఆరితే మంచిది కాదని నరసమ్మత్త ఏడాదంతా అంటూ ఉండేది. ఆవిడ పక్కగది, మా వీధి ఆడవాళ్లందరికీ పెద్ద. ఆ ఏడు అయ్య, "నా లాంచీలో నడిమి గంగకి తీసుకెల్తాను, అక్కడ ఒగ్గండి, ఏ దీపం ఆగుద్దో సూద్దుము," అన్నాడు. తన నూనెతో తన ఇంజిన్ నడవడం వీధికి చూపించుకోవాలని ఆయన సరదా. మాలిక్‌కు చెప్పలేదు. చుక్కాని పట్టే సారెంగు కాశెం చాచా ముసలాయన, అయ్య అడిగితే కాదనలేడు. "తెల్లారి పనివేళకి జెట్టీకి వచ్చేస్తే చాలు," అన్నాడు.

పదిహేను మందిమి ఎక్కాం, చంకబిడ్డలతో సహా. తూర్పు తెల్లబడుతోంది. నది మీద గాలి చలిగా ఉంది, శాలువాలు కప్పుకుని ఆడవాళ్లు డొప్పలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నడి నీటికి వచ్చాక చాచా లంగరు దింపాడు. ఇంజిన్ తిరుగుతూ ఉంటే అలలు లేచి దీపాలు బోల్తా పడతాయి గనక ఆపాలి. సరిగ్గా అప్పుడే నరసమ్మత్త పైనుంచి అయ్యని పిలిచింది, కొబ్బరికాయ మగమనిషి కొట్టాలని.

"సిమ్మాలూ, నువ్వు ఆపీ," అన్నాడు అయ్య. నా పేరు సింహాచలం. "కుళాయి తిప్పు. మూడు నూర్లు లెక్కెట్టు. అప్పుడు ఆపు. తెలిసినాదా?"

తెలుసని తలూపాను. ఆయన మెట్లెక్కి వెళ్లాడు. నేను పిడి ఎర్రదారం వైపు తిప్పి లెక్క మొదలుపెట్టాను. పైన ఆడవాళ్లు దీపాలు వెలిగిస్తున్నారు, గాజుల చప్పుడు, అగరొత్తుల వాసన. నా డొప్ప అమ్మ దగ్గర ఉంది. నేను రాకుండానే వదిలేస్తారేమో అనిపించింది. నలభై దాకా లెక్కపెట్టానని గుర్తు. అక్కడ ఆపి, ఇంజిన్ ఆపే పిడి లాగేసి పైకి పరుగెత్తాను.

అయ్య కొబ్బరిచెక్కలు పట్టుకుని నావైపు చూసి, "లెక్కెట్టినావా?" అన్నాడు.

"మూడు నూర్లు," అన్నాను.

దీపాలు వదిలాం. నిజంగానే ఒక్కటీ ఆగలేదు. వరసగా మిల్లుల వైపు, దిగువకు పోయాయి. నరసమ్మత్త పోలి కథ మొదలుపెట్టింది. ఆవిడ కథ చెబితే అత్తగారి ఒక్కొక్క తిట్టూ విడివిడిగా చెబుతుంది. ఎంతసేపైందో తెలియదు, ఎండ వచ్చింది, అయినా చలి తగ్గలేదు. ఈలోపల ఆటు ఊపందుకుంది. సముద్రం వైపు నీరు లాగడం మొదలైతే ఆ నది ఎలా లాగుతుందో ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు తెలియదు. లాంచీ ఒకసారి కుదిపినట్టయ్యింది. కాశెం చాచా లేచి నిలబడి లంగరు గొలుసు మీద కాలు పెట్టి చూశాడు. ఆయన మొహం చూసి నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"మిస్తిరి, స్టార్ట్ దావ్. నొంగొర్ ధొర్‌ఛే నా," అన్నాడు. లంగరు పట్టడం లేదు, బురదలో జారుతోంది.

దిగువన, మేము కొట్టుకుపోతున్న దారిలోనే, ఒక పెద్ద ఓడ కట్టేసి ఉంది. నల్లటి ముక్కు, దాని కిందకు నీటిలోకి దిగిన గొలుసు, ఒక్కొక్క వలయం నా నడుమంత. ఆ గొలుసు మీద నీరు చీలి తెల్లగా పొంగుతోంది. ఇంజిన్ లేని పడవ అడ్డంగా వెళ్లి ఆ గొలుసుకు తగిలితే నీరు దాన్ని తిరగేసి కిందకు తొక్కేస్తుందని రేవువాళ్ల పిల్లలందరికీ తెలుసు. మా వీధిలో అలా పోయినవాళ్లు ఉన్నారు.

నేను అయ్య వెనకే కిందకు దిగాను. ఆయన హ్యాండిల్ వేసి తిప్పాడు. ఇంజిన్ ఉసూరుమంది, లేవలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ. చలిలో ఆయన బనీను తడిసిపోయింది. గొట్టంలో డీజిలే ఉందని ఆయన నమ్మకం గనక అక్కడ చూడలేదు. డీజిల్‌లో నీళ్లు కలిశాయేమోనని డబ్బా అడుగు మర విప్పి, గుక్కెడు అరచేతిలోకి పట్టి వాసన చూశాడు. వాల్వు చూశాడు. మళ్లీ హ్యాండిల్. పైన ఒకావిడ దేవుళ్లని పిలవడం మొదలుపెట్టింది, ఒక బిడ్డ ఏడుపు అందుకుంది. నాకు చిన్న కిటికీలోంచి ఓడ కనిపిస్తోంది, ఇందాకటి కంటే పెద్దదిగా. చెప్పాలని తెలుసు, ఆ కిటికీ అంచే పట్టుకుని నిలబడ్డాను. ఇది ఎవరికీ చెప్పుకోలేని మాట: ఆ క్షణంలో నేను మునిగిపోతామని భయపడ్డదానికంటే ఆయనకు నేను అబద్ధం చెప్పానని తెలుస్తుందని ఎక్కువ భయపడ్డాను. అంతమంది పోయినా ఆ మాట బయటపడకుండా ఉంటే బాగుండునని ఒక్క ఊపిరి కాలం అనుకున్నాను కూడా. పదకొండేళ్ల పిల్లని.

ఓడ మీద కాపలావాడు ఈల వేస్తూ ఏదో అరుస్తున్నాడు. అయ్య హ్యాండిల్ పట్టుకున్న చేతి మీద నుదురు ఆనించాడు. ఆయన భయపడటం నేను చూసింది అదొక్కసారే. అప్పుడు చెప్పాను.

"అయ్యా, నాను నలబయ్యే లెక్కెట్టినాను."

ఆయన తల ఎత్తి చూశాడు. కొడతాడనుకున్నాను. ఆయన గోడ మీది వడపోత గిన్నెను వేలితో తాకాడు. మంచులా ఉంది. లోపల తెల్లగా గడ్డ. వెంటనే మెట్ల దగ్గరికి వచ్చి, "చాచా, చాయ్ కెటిలీ దావ్. పైడమ్మా, గుడ్డ ఏటున్నా ఇలగ పారీ," అన్నాడు. చాచా కిరసనాయిలు స్టవ్ మీద ఆడవాళ్లందరికీ అని పెద్ద కెటిల్‌తో టీ నీళ్లు మరుగుతున్నాయి. అమ్మ తన శాలువా విసిరింది, నరసమ్మత్త పూజకు తెచ్చిన కొత్త రవికగుడ్డ ఇచ్చింది. అయ్య వాటిని గొట్టానికి, గిన్నెకు చుట్టాడు, నేను మరిగే నీళ్లు పోశాను. నా చేతుల మీద కూడా పడ్డాయి. ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇంకా ఉంది. "పొయ్యి, పొయ్యి, ఆపకు," అన్నాడు. గిన్నెలో తెలుపు అంచుల నుంచి కరిగి పసుపు రంగు తిరిగింది. కెటిల్ అయిపోయింది. ఆయన హ్యాండిల్ వేశాడు. ఒక తుమ్ము, ఒక దగ్గు, మళ్లీ నిశ్శబ్దం. రెండోసారి తిప్పితే ఒక సిలిండరు పట్టుకుంది. తర్వాత రెండోది.

చాచా చుక్కాని తిప్పేసరికి ఓడ ముక్కు మా మీద నీడ వేస్తోంది. గొలుసును తప్పించుకున్నాం గాని ఓడ పక్కకు తగిలి మా కుడివైపు రెయిలింగు పొడుగునా విరిగిపోయింది. కొబ్బరిచెక్కలు నీళ్లలో పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. 

విరిగిన రెయిలింగును దాచలేం. మాలిక్ మధ్యాహ్నం వచ్చాడు. వీధి ఆడవాళ్లు, చాచా, నేను, అందరం నిలబడి ఉన్నాం. "నానే తొందరపడి ఆపీసినాను బాబూ, గొట్టంలో నూనె ఉండిపోనాది," అన్నాడు అయ్య, ఆ తెలుగుని తన బెంగాలీలో మళ్లీ చెప్పాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు, నేను నోరు తెరవలేదు. మాలిక్ ఆయన్ని ఇంజిన్ పని నుంచి తీసేసి జెట్టీ మీద తాళ్లు కట్టే పనిలో పెట్టాడు. డ్రమ్ము సబ్బులవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లింది. ఇంజిన్‌కి కొత్త మిస్త్రీ వచ్చాడు. రెండు చలికాలాలు మా అయ్య ఒడ్డున నిలబడి తన లాంచీకి తాడు విసిరాడు. వీధిలో ఆయన పేరు మారిపోయింది. ఇప్పనూనె అప్పల్సామి అనేవాళ్లు, పెళ్లిళ్లలో గారెలు వేస్తుంటే "ఓ అప్పల్సామీ, నీ ఇంజిను వచ్చినాది," అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. తర్వాత మళ్లీ ఇంజిన్ పని దొరికింది, వేరే లాంచీలో, డీజిల్‌తోనే. నేను ఇంకెప్పుడూ కిందకు దిగలేదు. రమ్మని ఆయనా పిలవలేదు.

నన్ను బెంగాలీలో అత్తా అని పిలిచే, మా పై అంతస్తులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు మొన్న గొప్పగా చెప్పాడు, ఇప్పుడు చెట్ల గింజల నూనెతో బస్సులు నడుపుతారట, దానికి ప్రయోగశాలలు, డాక్టరేట్లు ఉన్నాయట. "పిషీమా, మీకు తెలుసా, మొహువాతో కూడా అవుతుంది," అన్నాడు. తెలుసు అన్నాను. ఆ నూనెను ముందే మార్చి పలచన చేస్తారు, చలికి గడ్డకట్టదు, ఎవరూ అంకెలు లెక్కపెట్టక్కర్లేదు. మంచిదే. మా అయ్య కాలంలో దాన్ని పిచ్చి అన్నారు. అది పిచ్చి కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె నలభై ఏళ్ల పైన నోరు మూసుకుంది. నూనెది తప్పు కాదు, ఆయన పద్ధతిది తప్పు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నా భయాల్లో నది చిన్నది.

కుళాయి చేతిలో పట్టుకుని కూర్చున్నానా, అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది గాని ఇత్తడి వాసన పడితే ఏ వస్తువో చెబుతుంది.

"పారీ దాన్ని. మనందర్నీ ముంచీబోయిన కులాయి," అంది. ప్రతి పోలిపాడ్యమికీ అయ్యని ఆ మాటే అని దెప్పేది.

"ముంచబోయింది అయ్య కాదే అమ్మా. నేను," అన్నాను. అన్నీ చెప్పాను. నలభై అంకెలు, మూడు నూర్ల అబద్ధం. చెబుతుంటే మణికట్టు మచ్చ మంటపుట్టినట్టనిపించింది.

ఆమె పక్కన కూర్చుని కొంగు అంచు సర్దుకుంది.

"నాకు తెలీదేటి. మీ అయ్య కాయ కొట్టీసరికి నువ్వు నా పక్కన ఉన్నావు. మూడు నూర్లు అంత బేగి అవుతాయా?"

"మరి ఆయన్నెందుకు అలా దెప్పేదానివి?"

"ఆయనే దెప్పమన్నాడు. నలుగురూ తనని అంటా ఉంటే నీ మీదకి ఎవులి ద్రుష్టీ పోదని. గుంట బయపడిపోనాది, దాన్నింకేటీ అనకు అన్నాడు." మెల్లగా అంది, "పెద్దదైతే అదే నలుగుర్లో సెప్తాది అన్నాడు. ఎదురు సూసినాడు పాపం."

నాకు ఏడుపు రాలేదు.  పిడి తిప్పబోతే రాలేదు, లోపల ఆనాటి నూనె బంక కట్టి బిగిసిపోయింది. వంటింట్లోకి వెళ్లి కెటిల్ పెట్టాను. గిన్నెలో కుళాయి ఉంచి మరిగే నీళ్లు పోశాను. ఆవిరిలోంచి సన్నగా ఆ వాసన లేచింది. అమ్మ ముక్కు పైకెత్తింది.

"తిప్పీకు అప్పుడే," అంది. "లెక్కెట్టు."

లెక్కపెట్టాను, పైకి వినపడేలా. నూరు కాగానే ఆమె తన చిటికెనవేలు ముడిచి చేయి ఎత్తి చూపించింది. నలభై దగ్గర ఆగలేదు. మూడో వేలు ముడిచేదాకా ఇద్దరం ఆ గిన్నె దగ్గరే కూర్చున్నాం. అప్పుడు పిడి మీద చెయ్యి వేశాను. ఎర్రదారం వైపుకి మెత్తగా తిరిగింది.